చూడని బోటు మీద అప్పు

ఉప్పుటేరు తీర సహకార పరపతి బ్యాంకులో, అప్పు అడిగినవాళ్ల ఆస్తిని కన్నెత్తి చూడరాదన్న నియమం ఒక్కరోజులో పుట్టింది కాదు. దాని తొలి కారణం ఐరోపాలో ఉంది. మలి కారణం కొమాండూరి హైమవతి చదువుకున్న తత్వశాస్త్రంలో ఉంది. ఫలితం మాత్రం కాకినాడ రేవులో, ఇంజను చెడిపోయిన ఒక బోటు మీద వచ్చి పడింది. ఒక కారణం ఇంత దూరం ప్రయాణం చేసి, దారిలో ఎవరూ ఆపకుండా, నేరుగా ఒక బోటు నడిపించుకునే ఆడమనిషి ఇల్లు వెతుక్కుంటూ రావడం అరుదైన విషయం కనుక, దాన్ని మొదటినుంచీ వరుసగా చెప్పుకోవడం న్యాయం.

బ్యాంకు మేనేజింగ్ డైరెక్టరు చెన్నాప్రగడ విఠలేశ్వరరావు సహకార రంగాన్ని అధ్యయనం చేయడానికి ఐరోపా వెళ్లారు. ఆయనతోపాటు వెళ్లినవాళ్లు చాక్లెట్లు తెచ్చుకున్నారు. ఆయన ఒక మాట తెచ్చుకున్నారు. బుడాపెస్టులో వీడ్కోలు విందు జరుగుతుండగా, పక్కన కూర్చున్న దుబాసీ పిల్ల, ఆయనకు తినడానికి శాకాహారం ఏదీ దొరక్క ఊరికే కూర్చున్నారని జాలిపడి, కాలక్షేపానికి ఒక సంగతి చెప్పింది. వాళ్ల భాషలో నమ్మకాన్ని 'హిత్' అంటారు. అప్పును 'హితెల్' అంటారు. రెండోది మొదటిదాని బిడ్డ. ఆకలిమీద ఉన్న మనిషికి ఆ మాట బాగా పట్టింది. అక్కడినుంచి ఆయన దిగిన ప్రతి ఊళ్లోనూ అదే అడుగుతూ పోయారు. జర్మనీలో అప్పిచ్చినవాణ్ణి 'గ్లోయ్‌బిగర్' అంటారనీ, అంటే నమ్మేవాడనే అర్థమనీ తెలిసింది. పోలండువాళ్లు 'వ్యెజిచెల్' అంటారు, అదీ నమ్మేవాడే. గ్రీకులో విశ్వాసం 'పిస్తి', అప్పు 'పిస్తోసి'. ఇంగ్లీషువాళ్ల క్రెడిట్ అయితే లాటిన్‌లో 'నమ్ముతున్నాను' అనే క్రియనుంచి నేరుగా దిగింది. వెళ్లిన పని, అంటే గోదాముల్లో చలవ యంత్రాల పరిశీలన, దీని ముందు ఆయనకు వెలవెలబోయింది.

తిరిగొచ్చాక ప్రధాన కార్యాలయంలో సిబ్బందినందరినీ కూర్చోబెట్టారు. అప్పు అంటే అంకెల వ్యవహారమని మనం ఇంతకాలం పొరబడ్డామనీ, ఐరోపా పొరబడలేదనీ, అందుకే అక్కడ రోడ్లు అలా ఉన్నాయనీ వివరించారు. నమ్మేవాడే రుణదాత. నమ్మనివాడు డబ్బు పంచే గుమాస్తా. ఈ బ్యాంకులో ఎంతమంది రుణదాతలున్నారో, ఎంతమంది గుమాస్తాలున్నారో ఆత్మపరిశీలన చేసుకోవాలని కోరారు. సిబ్బంది జీతాల సవరణ విషయం ఎత్తుతారేమోనని ఆశపడి వచ్చారు గనక, ఆత్మపరిశీలన చేసుకుంటున్నట్టు తలలు వంచుకున్నారు.

ఆ సభలో మాట్లాడింది ఒక్క హైమవతి. ఆమె రేవు శాఖకు మేనేజరు. రిటైర్మెంటుకు దగ్గర పడింది. విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం ఎమ్మే చదివి, ఆ చదువుకు ఉద్యోగం దొరక్క బ్యాంకు పరీక్ష రాసింది. ఇన్నేళ్లలో ఆ చదువు గురించి ఎవరూ ఒక్క ప్రశ్న అడిగిన పాపాన పోలేదు. అందువల్ల ఆమె లేచి నిలబడి, లాటిన్ 'క్రేదో', సంస్కృతంలోని 'శ్రద్ధ' ఒకే ధాతువునుంచి వచ్చిన తోబుట్టువులని చెప్పింది. హృదయాన్ని ఒకచోట ఉంచడమని కొందరు దాని అర్థం చెబుతారనీ, మరికొందరు పండితులు దానికి ఒప్పుకోరనీ కూడా చెప్పింది. విఠలేశ్వరరావు వాక్యంలో మొదటి సగమే విన్నారు. రెండో సగం వచ్చేసరికి ఆయన చప్పట్లు కొడుతున్నారు.

“అంటే, ఐరోపా ఈ మాట మన దగ్గరే అప్పు తీసుకుంది,” అన్నారాయన. “తిరిగి ఇవ్వలేదు కూడా.”

తోబుట్టువులంటే ఒకరి దగ్గర ఒకరు తీసుకున్నట్టు కాదని హైమవతి చెప్పబోయింది. కానీ అప్పటికే ఆమెను బ్యాంకు తొలి విశ్వాసాధికారిగా నియమిస్తున్నట్టు ప్రకటన వెలువడింది. పక్కన కూర్చున్న రేవు శాఖ క్యాషియరు గుబ్బల త్రిమూర్తులు, వినయంగా ముందుకు వంగి, ఆమె చెవిలో ఒక మాట వేశాడు.

“శ్రద్ధతో మనవాళ్లు పెట్టేది ఒకటే ఉందండీ మేడమ్. దానికి ముందు మనిషి పోవాలి.”

మొదటి ఉత్తర్వు అందరికీ నచ్చింది. 'రుణదాత యొక్క విశ్వాసమే రుణమునకు ఏకైక ఆధారము కావలెను. హామీలు, జామీనులు, తనఖాలు విశ్వాసమునకు అవమానకరములు గనుక తక్షణమే రద్దు పరచడమైనది' అని అందులో ఉంది. జామీను సంతకాలకోసం బంధువుల గడపలు తొక్కి విసిగిన జనం బ్యాంకు ముందు కొబ్బరికాయలు కొట్టారు. రేవు శాఖకు మొట్టమొదట వచ్చిన మనిషి మైలపల్లి ఎర్రమ్మ.

ఎర్రమ్మది సొంత బోటు. భర్త పోయాక దాన్ని అమ్మెయ్యమని అందరూ చెప్పినా వినకుండా, కళాసీలను పెట్టుకుని నడిపిస్తోంది. చేపల వేట మీద సర్కారు వేసవి నిషేధం నడుస్తోంది. ఆ రోజుల్లో బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. మరమ్మతులు అప్పుడే జరగాలి. ఎర్రమ్మ బోటు ఇంజను పూర్తిగా తుక్కయింది. నిషేధం ఎత్తేసిన తెల్లారి బోటు నీళ్లలోకి దిగకపోతే, కళాసీలు ఇంకొకరి దగ్గర ముందస్తు డబ్బు పుచ్చుకుని వెళ్లిపోతారు. ఒకసారి వెళ్లిన కళాసీలు ఆ ఏడాదికి తిరిగి రారు. కళాసీలు లేని బోటు ఎండకు నెర్రెలు విచ్చడం తప్ప చేసేదేమీ ఉండదు. మామూలుగా అయితే ఇలాంటి అవసరానికి ఎర్రమ్మ బ్యాంకు ముఖం చూసేది కాదు. ఆ బోటు చేపలు కొనుక్కునే ఆడవాళ్లే, మొదటి వేట మీద లెక్క చూసుకుందామని తలా కొంత సర్దడం రేవులో పాత పద్ధతి. అయితే ఆ ఆడవాళ్లు నిషేధపు రోజుల తిండికోసం దాచుకున్న సొమ్మంతా, హైమవతే తిరిగి తిరిగి చెప్పి ఒప్పించినందువల్ల, ఇప్పుడు బ్యాంకులో ఉంది. వాళ్ల డబ్బు ఎక్కడుంటే అక్కడికి ఎర్రమ్మ వచ్చింది. అంతే.

హైమవతికి ఎర్రమ్మ దరఖాస్తు గురించి రెండో ఆలోచన అక్కర్లేకపోయింది. ఆ బోటు ఆమె కుర్చీ పక్క కిటికీలోంచి కనిపిస్తుంది. ఎర్రమ్మ తీసుకున్న పాత అప్పుల్లో ఒక చిన్న వాయిదా తప్ప అన్నీ గడువుకు ముందే తీరాయి. మంజూరు చేయవచ్చునని సంతకం పెట్టి ప్రధాన కార్యాలయానికి పంపింది. సరిగ్గా ఆ సమయానికే ప్రధాన కార్యాలయంలో ఆడిటర్లకు ఒక ధర్మసందేహం వచ్చింది. విశ్వాసం కలిగిందని అధికారి సంతకం పెడితే సరిపోతుందా? కలిగినది విశ్వాసమేనని ధ్రువీకరించేది ఎవరు? విశ్వాసానికీ, మామూలుగా తెలిసి ఉండడానికీ తేడా ఏమిటి? ఈ ప్రశ్నలు విశ్వాసాధికారి అభిప్రాయం కోసం రేవు శాఖకే వచ్చాయి.

ఇక్కడ హైమవతి చేసిన పనిని తప్పు అనడం కష్టం. తత్వశాస్త్రంలో ఎమ్మే చదివిన మనిషికి, ముప్ఫై ఏళ్లు డిపాజిట్ల మీదా వడ్డీల మీదా సంతకాలు పెట్టాక, జ్ఞానానికీ విశ్వాసానికీ భేదం ఏమిటని ఆఫీసు కాగితం మీద ఎవరైనా అడిగితే, ఆ మనిషి క్లుప్తంగా జవాబివ్వదు. ఆమె సెలవు పెట్టి మరీ రాసింది. కంటితో చూసినది ప్రత్యక్ష జ్ఞానం. గుర్తులను బట్టి ఊహించి తేల్చుకున్నదీ జ్ఞానమే. జ్ఞానం కలిగిన చోట విశ్వాసానికి పని ఉండదు, తెలియని చోటే విశ్వాసం మొదలవుతుంది అని ఎంతో నిర్దుష్టంగా తేల్చింది. రాసినది మళ్లీ చదువుకుని, కాలేజీ రోజుల్లో కలిగినటువంటి తృప్తితో కవరు అంటించింది.

వారం తిరక్కుండా రెండో ఉత్తర్వు వచ్చింది.

'విశ్వాసాధికారి వారి పాండిత్యపూర్ణమైన నివేదికను అనుసరించి తెలియజేయునది ఏమనగా: రుణగ్రహీత యొక్క ఆస్తిని స్వయముగా చూచిన అధికారికి జ్ఞానము మాత్రమే కలుగును. జ్ఞానము కలిగిన అధికారి విశ్వసించుటకు అనర్హుడు. కావున క్షేత్ర పరిశీలనలను నిషేధించడమైనది. ఇదివరకే చూచియున్న ఆస్తులపై రుణములు మంజూరు చేయరాదు.'

దానికి జతగా ఎర్రమ్మ దరఖాస్తు తిరిగొచ్చింది. తిరస్కరణకు రెండు కారణాలు చూపారు. సదరు బోటు శాఖా కార్యాలయపు కిటికీనుంచి నిత్యమూ కనిపిస్తున్నందున అధికారిణికి దానిపై జ్ఞానము ఉన్నది. రెండవది, రుణగ్రహీత గతంలో ప్రతి వాయిదానూ గడువుకు ముందే చెల్లించి, బ్యాంకునకు ఆమెను విశ్వసించే అవకాశమే ఇవ్వలేదు.

మర్నాడు ఇద్దరు వడ్రంగులు వచ్చి, రేవు వైపున్న కిటికీలకు చెక్క పలకలు బిగించి పోయారు. పట్టపగలు లైట్లు వేసుకుని పనిచేయవలసి వచ్చింది. కరెంటు పోయినప్పుడు త్రిమూర్తులు నోట్లను తడిమి లెక్కపెడుతూ, ఇదీ విశ్వాసం కిందికే వస్తుందా అని అడిగాడు. హైమవతి తన నివేదికలోని, తెలియని చోటే విశ్వాసం మొదలవుతుందన్న వాక్యాన్నే మనసులో తిప్పి తిప్పి చూసుకుంటోంది. దానిలో దోషం ఎక్కడా దొరకలేదు. అదే ఆమెను ఎక్కువ బాధపెట్టింది.

ఎర్రమ్మకు ఈ సంగతి చెప్పడం అంత సులువుగా జరగలేదు. బోటు ఉందని తెలిసినందువల్ల అప్పు ఇవ్వరని హైమవతి చెప్పింది. ఎర్రమ్మ విని, మేడంగారికి ఒంట్లో బాగాలేదేమోనని, ముందు మంచినీళ్లు తాగమంది. తర్వాత వాయిదాల సంగతి కూడా విన్నది.

“కట్టేసినందుకు ఇవ్వరాండి?”

“ముందే కట్టేసినందుకు.”

“ఆలీసంగా కడితే ఇస్తారాండి?”

“ఇప్పటి నియమం ప్రకారం, కట్టకుండా ఉంటే ఇంకా మంచిది.”

ఎర్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. కళాసీల మేస్త్రీ నిన్ననే వచ్చి అడిగాడనీ, ఇంకా రెండు మూడు బోట్లవాళ్లు అతనికి డబ్బు చూపిస్తున్నారనీ చెప్పింది. ఆ మాట అంటూ ఆమె అలవాటు కొద్దీ కిటికీ వైపు, బోటు ఉండే వైపు చూసింది. అక్కడ చెక్క ఉంది.

ఇంతలో ప్రధాన కార్యాలయం తన ఆదర్శ రుణగ్రహీతను కనుక్కొంది. సముద్రం మధ్యలో తేలే హోటలు కడతానని ఎవరో పోస్టులో దరఖాస్తు పంపారు. పేరు అర్థం కాకుండా ఉంది, చిరునామా లేదు, తేలే హోటలు ఏ సముద్రంలో తేలుతుందో రాయలేదు. దరఖాస్తుదారుణ్ణి చూసినవాళ్లు బ్యాంకులో ఒక్కరూ లేరు. ఎక్కడా ఒక వాయిదా కట్టిన దాఖలా లేదు. విఠలేశ్వరరావు ఆ కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని కళ్లకద్దుకున్నారని ఆయన కార్యదర్శి తర్వాత అందరికీ చెప్పింది. ఇంత స్వచ్ఛమైన దరఖాస్తు ఐరోపాలోనైనా దొరుకుతుందా అన్నారట. అడిగినదానికంటే ఎక్కువే మంజూరు చేశారు. తిరిగి ఎప్పుడిస్తారని అడగడం అవిశ్వాసం గనక, ఆ గడి కాగితంలోనుంచే తీసేశారు.

ఈ వార్త వినగానే హైమవతికి దారి కనిపించింది. నియమం ఎవరి నోటినుంచి పుట్టిందో, దాన్ని దాటే దారి కూడా వాళ్లకే ముందు కనిపించడం సహజం. ఎర్రమ్మ బోటు కనబడకుండా పోవాలి. ఎర్రమ్మ మీద కొంచెం సందేహం పుట్టాలి. అప్పుడు అదే దరఖాస్తు విశ్వాసానికి అర్హమవుతుంది.

బోటును పక్క బోటుకు కట్టి లాగించి, కోరంగి మడ అడవిలో ఒక పాయలోకి తోలించేశారు. ఎక్కడ పెట్టిందో ఎర్రమ్మ చెప్పబోతే హైమవతి చెవులు మూసుకుంది. సందేహం పుట్టించడమే కష్టమైంది. ఎర్రమ్మకు ఒక చిన్న పాత వాయిదా మిగిలి ఉంది. దాన్ని కట్టవద్దని హైమవతి గట్టిగా చెప్పింది. గడువు తేదీన ఎర్రమ్మ బ్యాంకుకు వచ్చి, కట్టడానికి కాదు, ఊరికే చూసి పోదామని వచ్చానని చెప్పి, బెంచీ మీద కూర్చుంది. డబ్బు కొంగున ముడి వేసి ఉంది. త్రిమూర్తులు ఆ ముడివంక చూడకుండా ఉండడానికి చాలా అవస్థపడ్డాడు.

“ఉండలేకపోతన్నానండి,” అంది చివరికి. “ఇచ్చేసి పోతానండి. మా అమ్మ బతికుంటే ఈ మాట ఇంటే ఇంట్లోకి రానిచ్చేది కాదు.”

“ఎర్రమ్మా, నువ్వు ఆ ముడి విప్పావంటే బోటు ఒడ్డునే ఉంటుంది. ఇంటికి పో.”

ఆమె లేచి వెళ్లింది. గుమ్మం దగ్గర రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. ఒక మంచి మనిషి చేత మొండి బకాయి పెట్టించడానికి తను ఇంత తంటాలు పడుతున్నానని హైమవతికి తెలుసు. తత్వశాస్త్రం దీనికి ఏ పేరు పెడుతుందో మాత్రం ఆమెకు గుర్తురాలేదు.

కొత్త దరఖాస్తు మీద విశ్వాస పరీక్షా సంఘం విచారణ జరిపింది. విఠలేశ్వరరావు, ఇద్దరు సభ్యులు బల్లకు అటువైపు కూర్చున్నారు. ఈ బోటును తమరు ఇదివరకు కిటికీలోంచి చూచియున్నారు కదా అని అడిగారు. ఆమె సిద్ధపడే వచ్చింది. చూసినది నిన్నటి సంగతి అనీ, నిన్న చూసినదాన్ని ఇవాళ తలుచుకోవడం స్మృతి అవుతుందనీ, స్మృతిని మన తార్కికులు ప్రమాణంగా అంగీకరించలేదనీ విన్నవించింది. నిన్నటి బోటు ఇవాళ ఉందని జ్ఞాపకం హామీ ఇవ్వదు. సభ్యులు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, రాసుకున్నారు.

“అయితే ఆ బోటు ప్రస్తుతం ఉన్నదా?” అన్నారు విఠలేశ్వరరావు.

“తెలియదండీ.”

“రుణగ్రహీత తిరిగి చెల్లించునా?”

“ఈ నెల చెల్లించలేదండీ.”

“మరి తమరు విశ్వసిస్తున్నారా?”

“విశ్వసిస్తున్నానండీ.”

విఠలేశ్వరరావు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. బ్యాంకు చరిత్రలో ఒక అధికారిణి, జ్ఞానపు స్థాయినుంచి విశ్వాసపు స్థాయికి తన స్వయంకృషితో ఎదగడం ఇదే మొదటిసారి అని, దీన్ని శిక్షణా తరగతుల్లో పాఠంగా పెట్టాలని అన్నారు. అప్పు అక్కడికక్కడే మంజూరైంది. హైమవతి మెట్లు దిగుతూ ఎర్రమ్మకు ఫోను చేసింది. ఎర్రమ్మ మేస్త్రీకి మాటిచ్చింది. మేస్త్రీ మిగతా బోట్లవాళ్లకు రానని చెప్పేశాడు.

మంజూరు కాగితం రావలసిన రోజున వచ్చింది. దానితోపాటు రావలసిన డబ్బు రాలేదు. ఇందుకు కారణం తేలే హోటలు. ఆ అప్పుతో బ్యాంకు గల్లా అడుగంటింది. తిరిగి అడగడం నిషేధం. పాత బాకీదారులు కూడా, బ్యాంకు విశ్వాసాన్ని భంగపరచడం ఇష్టం లేక, వాయిదాలు కట్టడం మానేశారు. డబ్బు లేనప్పుడు ఏం చేయాలన్న చిక్కు ప్రశ్నకు ప్రధాన కార్యాలయం సిద్ధాంతంలోనే జవాబు వెతికింది. విశ్వాసం ఏకపక్షం కావడం న్యాయమా? బ్యాంకు రుణగ్రహీతను నమ్మినప్పుడు, రుణగ్రహీత బ్యాంకును నమ్మవద్దా? అందువల్ల కాగితం చివర ఇలా ఉంది: 'సదరు మొత్తము తమకు ముట్టినట్లు విశ్వసించవలసినదిగా కోరడమైనది. నగదు నిమిత్తము కార్యాలయమునకు వచ్చుట అవిశ్వాసముగా పరిగణింపబడును.'

అదే టపాలో ఇంకో ఉత్తర్వు ఉంది. డిపాజిటుదారులు బ్యాంకుకు అప్పిచ్చినవారు గనక, ఐరోపా భాషలన్నింటి ప్రకారం అసలైన నమ్మేవాళ్లు వాళ్లే. పాసుపుస్తకంలో అంకెలు చూపించడం వాళ్ల విశ్వాసాన్ని జ్ఞానంగా దిగజార్చడమే అవుతుంది. ఇకమీదట పాసుపుస్తకాల్లో ఏమీ రాయరాదు.

హైమవతి ఆ రెండు కాగితాలనూ ఎర్రమ్మకు చదివి వినిపించింది. మెత్తబరిచే మాట ఒక్కటీ కలపలేదు. తన చేతిమీదుగా జరిగింది గనక, పూర్తిగా వినిపించడమే మర్యాద అనుకుంది. ఎర్రమ్మ ఈసారి నవ్వలేదు. మొదటి కాగితం చేతిలోకి తీసుకుని, వెనకా ముందూ తిప్పి చూసి, బల్ల మీద జాగ్రత్తగా పెట్టింది.

“రెండోది మల్లీ సదవండి,” అంది.

హైమవతి మళ్లీ చదివింది.

“అంటే మా ఆడోళ్ల డబ్బు కూడా, ఉందని అనుకోవాలన్నమాట.”

హైమవతి అవునని తలూపింది. ఎర్రమ్మ లేచి, నేరుగా ఆ ఆడవాళ్ల దగ్గరికి వెళ్లింది.

మర్నాడు బ్యాంకు తలుపులు తీసేసరికి, రేవులో చేపలమ్ముకునే ఆడవాళ్లంతా వాకిట్లో ఉన్నారు. ఎవరూ కేకలు వేయలేదు. ఒకరి వెనక ఒకరు వరసగా నిలబడి, ఖాళీ చేపల గంపలు బోర్లించి వాటిమీద కూర్చుని, చోటు పట్టుకున్నవాళ్లు పట్టుకోనివాళ్లతో ఇంటి కబుర్లు చెప్పుకుంటున్నారు. వరస వీధి మలుపు తిరిగి జగన్నాథపురం వంతెన వైపు సాగింది. త్రిమూర్తులు కౌంటరు వెనక నిలబడి, ప్రధాన కార్యాలయానికి ఫోను చేసి, విశ్వాసులు చాలామంది వచ్చారని మాత్రం చెప్పాడు. విఠలేశ్వరరావు అది అభినందన కార్యక్రమం అనుకుని, శాలువా కప్పుతారేమోనని కొత్త చొక్కా వేసుకుని మరీ వచ్చారు.

ఆయన వాళ్లతో ఓపికగానే మాట్లాడారు. పోలండునుంచి మొదలుపెట్టి గ్రీసు వరకూ చెప్పారు. తల్లులారా, మీరు మామూలు ఖాతాదారులు కారు, నమ్మేవారు, ఐరోపాలో మీకు ఎంత గౌరవమో మీకు తెలియదు అన్నారు. ఆడవాళ్లు శ్రద్ధగా విన్నారు. ఆయన ఆగాక, వరసలో ముందున్న ఎర్రమ్మ మాట్లాడింది.

“నమ్ముతాం బాబూ. కాదన్నామా. మీరు కూడా మమ్మల్ని నమ్మండి. డబ్బు మా చేతిలో ఎట్టండి; మల్లీ తెత్తామని మీరు నమ్మండి.”

విఠలేశ్వరరావు నోరు తెరిచి, ఏదో ఒక ఐరోపా భాషలో దీనికి జవాబు ఉండాలన్నట్టు పైకి చూశారు. చట్టప్రకారం ప్రతి బ్యాంకూ తన డిపాజిట్లలో కొంత భాగాన్ని వేరే పెద్ద బ్యాంకులో నిల్వ ఉంచాలి. ఆ నిల్వను ఉప్పుటేరు తీర బ్యాంకు కూడా ఉంచింది. నమ్మకం మీద కాదు, రశీదు మీద. మధ్యాహ్నానికి ఆ రశీదు చూపించి నగదు తెప్పించక తప్పలేదు. త్రిమూర్తులు లైటు వెలుగులో నోట్లు లెక్కపెట్టి ఇస్తూ పోయాడు. డబ్బు తీసుకున్న ప్రతి ఆడమనిషీ బయటికి వెళ్లి, తిండికి ఉంచుకోగా మిగిలినదానిలోంచి కొంత, ఎర్రమ్మ గంపలో వేసింది. మొదటి వేట మీద లెక్క. ఎవరూ కాగితం రాయలేదు, ఎందుకంటే బోటు వాళ్లందరూ చూసినదే.

వరస తరిగి తరిగి, సాయంత్రానికి చివరి మనిషి కౌంటరు దగ్గరికి వచ్చింది. త్రిమూర్తులు తల ఎత్తి చూసి, చేతిలో నోట్లు అలాగే పట్టుకుని ఆగిపోయాడు. కౌంటరుకు అవతలివైపు హైమవతి నిలబడి ఉంది. తన సొంత ఖాతాలో ఉన్నదంతా తీసుకోవడానికి కాగితం రాసి తెచ్చింది.

కొత్త చొక్కా నలిగిపోయి కుర్చీలో కూలబడి ఉన్న విఠలేశ్వరరావు అది చూసి లేచారు. ఆయన ముఖంలో కోపం కంటే నొప్పే ఎక్కువ ఉంది.

“మీరు కూడానా, హైమవతిగారూ? ఆ ఎర్రమ్మకు ఇవ్వడానికేనా? ఆమె మీద మీకున్న విశ్వాసం బ్యాంకు మీద లేదా?”

“ఎర్రమ్మ మీద నాకు విశ్వాసమేమీ లేదండీ,” అంది హైమవతి. “తెలుసు. అంతే.”

ఆ మాట ఆయన రాసుకున్నారు. విధి నిర్వహణలో ఉండగా జ్ఞానము కలిగియున్నందుకు సంజాయిషీ ఇవ్వవలసిందని మర్నాడు ఆమెకు నోటీసు వచ్చింది. ఆమె అభియోగాన్ని అంగీకరించింది. విశ్వాసాధికారి పదవినుంచి తొలగించి, ఎవరినీ నమ్మవలసిన అవసరం లేని స్టేషనరీ విభాగానికి బదిలీ చేశారు. ఆ ఏటి వార్షిక నివేదికలో మాత్రం రేవు శాఖ గురించి ప్రత్యేకంగా ఒక పేరా పడింది. ఇక్కడి డిపాజిటుదారుల విశ్వాసం, బ్యాంకులో తమ డబ్బు లేకపోయినా చెక్కుచెదరని ఉన్నత దశకు చేరుకున్నదని అందులో రాశారు. సహకార సమాఖ్యవారు దానికి బహుమతి ప్రకటించారు.

నిషేధం ఎత్తేసిన తెల్లవారుజామున హైమవతి రేవుకు వెళ్లింది. మడ పాయలోంచి తెచ్చిన బోటుకు రంగు వేయడానికి వ్యవధి దొరకలేదు. బురద మరకలు అలాగే ఉన్నాయి. మేస్త్రీ, కళాసీలు వలలు ఎక్కిస్తున్నారు. ఎర్రమ్మ ఆమెను చూసి నీళ్లలోకి దిగి వచ్చి, చెయ్యి పట్టుకుని బోటు దగ్గరికి తీసుకువెళ్లింది. మేస్త్రీని కేకేసి ఇంజను మీది గోనె తీయించింది.

“సూడండి మేడంగారు. బాగా సూడండి. తరవాత నాకు సూపించలేదనకూడదు.”

హైమవతి చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టి, మోకాలి లోతు నీళ్లలో నిలబడి, ఇంజనును చూసింది. అంచుకు వేసిన కొత్త చెక్కను చూసింది, వలలు చూసింది, అదీ ఇదీ అడిగి మళ్లీ చూసింది. బోటు కదిలి, ఏరు సముద్రంలో కలిసే మొగ దాటి, చిన్నదై, నల్లచుక్కయ్యేదాకా చూస్తూనే ఉంది. అభ్యంతరం చెప్పడానికి ఎవరికీ హక్కు లేదు. ఆఫీసు ఇంకా తెరవలేదు.